రసాయన శాస్త్రవేత్త నుంచి హార్వర్డ్ ప్రెసిడెంట్ దాకా: జేమ్స్ బ్రయంట్ కోనంట్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

కోనంట్ ఎవరు? తెలుగువాళ్లు ఆయన గురించి ఎందుకు తెలుసుకోవాలి?

అమెరికాలో ఎంఎస్ చదవాలనుకునే పిల్లలున్న ఇంట్లో జీఆర్ఈ, టోఫెల్ అనే మాటలు ఎంసెట్ అంత మామూలుగా వినిపిస్తాయి. ఆ పరీక్షల వెనక ఉన్న సంస్థ ఈటీఎస్. అది 1947 డిసెంబరులో పుట్టింది. అలాంటి సంస్థ ఒకటి ఉండి తీరాలని ఏళ్ల తరబడి పట్టుబట్టినవాళ్లలో ముఖ్యుడు జేమ్స్ బ్రయంట్ కోనంట్. ఆయన ఆర్గానిక్ కెమిస్ట్. 1933 నుంచి 1953 వరకు హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి ప్రెసిడెంట్‌గా ఉన్నారు. అక్కడ ప్రెసిడెంట్ అంటే మన వైస్ చాన్సలర్ లాంటి పదవి. అయితే దానికి మనిషిని ఎంచుకునేది ప్రభుత్వం కాదు, విశ్వవిద్యాలయమే.

నేను డిగ్రీ విద్యార్థులకు కెమిస్ట్రీ చెబుతాను. పరీక్షల టెన్షన్‌లో ఉన్న పిల్లలు "మూడు గంటల పరీక్షతో మా విలువ ఎలా తేలుస్తారు సార్?" అని అడిగినప్పుడల్లా నాకు కోనంట్ గుర్తొస్తారు. ఆయన గురించి చెప్పడం మొదలుపెడితే ఇంకా చాలా ప్రశ్నలు వచ్చాయి. వాటికి ఇక్కడ జవాబులు రాస్తున్నాను.

ఆయన డబ్బున్న కుటుంబంలో పుట్టారా?

లేదు. 1893 మార్చి 26న బోస్టన్ నగరంలోని డార్చెస్టర్‌లో పుట్టారు. తండ్రిది ఫొటోలను అచ్చుకు దిమ్మలుగా చెక్కే పని. తిండికీ బట్టకీ లోటు లేదు. కానీ ఆ రోజుల్లో హార్వర్డ్‌ను ఏలిన పాత బోస్టన్ సంపన్న కుటుంబాల్లో వాళ్లది ఒకటి కాదు. ప్రవేశ పరీక్ష రాసి రాక్స్‌బరీ లాటిన్ స్కూల్‌లో చేరారు. పరీక్ష రాసి సీటు తెచ్చుకున్న కుర్రాడే పెద్దయ్యాక అదే దారి అందరికీ తెరవాలనుకున్నాడని నాకనిపిస్తుంది.

ఆ స్కూల్లో న్యూటన్ హెన్రీ బ్లాక్ అనే సైన్స్ మాస్టారు ఉండేవారు. కుర్రాడి ఆసక్తి చూసి ఆయనే కెమిస్ట్రీలోకి నడిపించారు, హార్వర్డ్‌లో ఏ కోర్సులు చదవాలో కూడా చెప్పారు. తర్వాత గురుశిష్యులిద్దరూ కలిసి స్కూలు పిల్లల కోసం కెమిస్ట్రీ పాఠ్యపుస్తకం రాశారు. పాఠాలు చెప్పేవాణ్ని కాబట్టి, కోనంట్ కథలో నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి ఇదే.

హార్వర్డ్‌లో ఎవరి దగ్గర చదివారు?

1910లో చేరి నాలుగేళ్ల చదువును మూడేళ్లలోనే ముగించారు. 1916లో పీహెచ్‌డీ వచ్చింది. ఆయన థీసిస్‌లో సగం ఫిజికల్ కెమిస్ట్రీ, సగం ఆర్గానిక్ కెమిస్ట్రీ. మొదటి దానికి గురువు థియొడోర్ రిచర్డ్స్, రెండో దానికి ఎల్మర్ కోలర్. మూలకాల పరమాణు భారాలను అతి కచ్చితంగా కొలిచినందుకు రిచర్డ్స్‌కు 1914 నోబెల్ బహుమతి వచ్చింది. కెమిస్ట్రీలో నోబెల్ అందుకున్న మొదటి అమెరికన్ ఆయనే. ఆ రిచర్డ్స్ కూతురు గ్రేస్‌నే కోనంట్ 1920లో పెళ్లి చేసుకున్నారు.

పెళ్లికి ముందే "నేను హార్వర్డ్ ప్రెసిడెంట్‌ను అవుతాను" అన్నారట, నిజమేనా?

నిజమే. తనకు మూడు కోరికలున్నాయని కాబోయే భార్యకు చెప్పారు. మొదటిది దేశంలోనే పేరున్న ఆర్గానిక్ కెమిస్ట్ కావడం. రెండోది హార్వర్డ్ ప్రెసిడెంట్ కావడం. మూడోది కేంద్ర ప్రభుత్వంలో మంత్రి కావడం. మొదటి రెండూ నెరవేరాయి. మంత్రి పదవి రాలేదు కానీ రాయబారి అయ్యారు.

ఆయన ఫ్యాక్టరీ పేలిపోయిందంటారు. ఏం జరిగింది?

ఈ సంగతి చెప్పేటప్పుడు నా ల్యాబ్‌లో పిల్లలు నిశ్శబ్దమైపోతారు. మొదటి ప్రపంచ యుద్ధం వల్ల జర్మనీ నుంచి రసాయనాలు రావడం ఆగిపోయింది, ధరలు మండిపోయాయి. 1916లో కోనంట్, స్టాన్లీ పెనాక్, చాన్సీ లూమిస్ అనే ముగ్గురు కుర్రాళ్లు కలిసి బెంజోయిక్ ఆమ్లం తయారీ మొదలుపెట్టారు. మొదట పని చేసిన చోట మంటలు లేస్తే న్యూజెర్సీ రాష్ట్రంలోని నెవార్క్‌కు మారారు. అంతలో హార్వర్డ్‌లో ఒక ఉద్యోగం ఖాళీ అయి, కోనంట్ పాఠాలు చెప్పడానికి వెళ్లారు. ఆయన అక్కడ లేని రోజున, నవంబరులో, నెవార్క్ ప్లాంటు పేలిపోయింది. పెనాక్‌తో పాటు పనివాళ్లూ చనిపోయారు.

తయారీ పద్ధతిలోనే లోపం ఉందనీ, అందులో తన తప్పు కూడా ఉందనీ కోనంట్ తర్వాత ఒప్పుకున్నారు. బీకరులో చక్కగా జరిగిన చర్య పెద్ద కెటిల్‌లో అలాగే జరుగుతుందని నమ్మడం ఎంత ప్రమాదమో ఇరవై మూడేళ్లకే చూశారు. పరిమాణం పెరిగేకొద్దీ వేడి బయటికి పోయే దారి తగ్గుతుంది. రసాయన పరిశ్రమల్లో ఇప్పటికీ ప్రాణాలు తీస్తున్న కారణాల్లో ఇదొకటి.

విషవాయువులు కూడా తయారు చేశారా?

చేశారు. 1917లో అమెరికా యుద్ధంలోకి దిగాక సైన్యం రసాయన విభాగంలో చేరారు. మొదట వాషింగ్టన్‌లో మస్టర్డ్ గ్యాస్ మీద, తర్వాత ఒహాయో రాష్ట్రంలోని విలోబీలో లూయిసైట్ అనే ఆర్సెనిక్ విషం మీద పనిచేశారు. ఇరవై అయిదేళ్లకే మేజర్ హోదా వచ్చింది. ఆ విషం వాడకముందే యుద్ధం ముగిసింది. ఫిరంగి గుండుతో పేగులు చీల్చి చంపడం కంటే ఊపిరితిత్తులనో చర్మాన్నో దెబ్బతీయడం ఎందుకు ఎక్కువ అనైతికమో తనకు అర్థం కాలేదని ఆయన చివరి వయసులో రాసుకున్నారు. ఈ వాదన నాకు మింగుడుపడదు. కానీ 1945లో ఆయన అన్న మాటలు అర్థం కావాలంటే ఇది గుర్తుండాలి.

కెమిస్ట్‌గా ఆయన నిజంగా గొప్పవాడా, లేక పదవి వల్ల పేరొచ్చిందా?

పదవి రాకపోయినా పేరు నిలిచేది. 1919లో మళ్లీ హార్వర్డ్‌కు వచ్చి, తర్వాతి పద్నాలుగేళ్లలో చాలా పని చేశారు. నీటి కంటే క్షారగుణం బాగా తక్కువున్న ద్రావణిలో వేస్తే మనకు తెలిసిన బలమైన ఆమ్లాలే ఊహించనంత బలంగా ప్రవర్తిస్తాయని నోరిస్ హాల్‌తో కలిసి 1927లో చూపించారు. "సూపర్ ఆసిడ్" అనే పేరు పెట్టింది వీళ్లిద్దరే. పెట్రోలియం కెమిస్ట్రీ చదివే పిల్లలు ఈ రోజుకీ ఆ మాట వాడుతున్నారు.

మన రక్తంలోని హీమోగ్లోబిన్ మీద చేసిన పని కూడా ముఖ్యమైనదే. హీమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ అతుక్కోవడం వేరు, హీమోగ్లోబిన్ ఆక్సీకరణం చెందడం వేరు. మొదటి దాంట్లో ఇనుము ఫెర్రస్ రూపంలోనే ఉంటుంది. రెండో దాంట్లో ఫెర్రిక్‌గా మారి మెట్‌హీమోగ్లోబిన్ అవుతుంది, అది ఆక్సిజన్‌ను మోయలేదు. ఈ తేడా తేల్చడంలో ఆయన కొలతలు ఉపయోగపడ్డాయి. ఆకుల్లోని క్లోరోఫిల్ నిర్మాణం మీద కూడా పరిశోధించారు. చర్య ఏమిటి అని మాత్రమే కాకుండా ఎంత వేగంగా, ఎందుకు జరుగుతుందో కొలిచే ఫిజికల్ ఆర్గానిక్ కెమిస్ట్రీ అమెరికాలో వేళ్లూనడానికి కారకుల్లో ఆయన ఒకరు. లూయి ఫీజర్, పాల్ బార్ట్‌లెట్, ఫ్రాంక్ వెస్ట్‌హైమర్ ఆయన విద్యార్థులు. ముగ్గురూ తర్వాత పెద్దపేరు తెచ్చుకున్నారు.

నోబెల్ వచ్చిందా?

రాలేదు. అమెరికన్ కెమికల్ సొసైటీ ఇచ్చే ప్రీస్ట్‌లీ మెడల్ 1944లో వచ్చింది.

నలభై ఏళ్లకే ప్రెసిడెంట్ ఎలా అయ్యారు? ల్యాబ్ వదిలేశారా?

అప్పటి ప్రెసిడెంట్ లోవెల్ 1909 నుంచి ఆ కుర్చీలో ఉన్నారు. ఆయన దిగిపోతానన్నప్పుడు కొత్తవాణ్ని వెతికేవాళ్లు కోనంట్ దగ్గరికి ఇతర పేర్ల మీద సలహా కోసం వచ్చారు. విశ్వవిద్యాలయంలో పరిశోధన స్థాయి పడిపోతోందని ఆయన మొహమాటం లేకుండా చెప్పారు. చివరికి 1933 మేలో ఆయన్నే ఎన్నుకున్నారు. హార్వర్డ్‌కు కెమిస్ట్ ప్రెసిడెంట్ కావడం కొత్త కాదు. 1869 నుంచి 1909 వరకు నలభై ఏళ్లు ఏలిన చార్లెస్ ఎలియట్ కూడా కెమిస్టే.

ల్యాబ్ పూర్తిగా వదిలేశారు. మన దగ్గర వీసీలైన శాస్త్రవేత్తలు "వారానికి ఒక రోజు ల్యాబ్‌కు వస్తాను" అంటుంటారు. కోనంట్ అలా అనలేదు. మంచి ఫామ్‌లో ఉన్న కెమిస్ట్ నలభైలోనే పరిశోధన ఆపేయడం కెమిస్ట్రీకి నష్టమనే నేను అనుకుంటాను.

ప్రెసిడెంట్‌గా ఆయన చేసిన అతి పెద్ద పని ఏది?

నన్నడిగితే, నేషనల్ స్కాలర్‌షిప్‌లు. అప్పటి హార్వర్డ్‌లో ఎక్కువమంది బోస్టన్ చుట్టుపక్కల వాళ్లు, ఖరీదైన బోర్డింగ్ స్కూళ్ల నుంచి వచ్చినవాళ్లు. తాత చదివాడు, తండ్రి చదివాడు, కొడుకూ చదువుతాడు. మధ్య అమెరికాలో ఎక్కడో మామూలు ప్రభుత్వ బడిలో చదివిన తెలివైన కుర్రాడికి ఆ గేటు ఎక్కడుందో కూడా తెలియదు. అది ఆర్థిక మాంద్యం కాలం. కోనంట్ 1934లో మధ్య పశ్చిమాన ఆరు రాష్ట్రాలను ఎంచుకుని అక్కడి నుంచి పదిమందిని స్కాలర్‌షిప్ మీద తెచ్చారు. ఇంటి పరిస్థితిని బట్టి డబ్బు ఇచ్చేవారు. బాగా పేదవాడైతే ఫీజుతో పాటు ఉండడానికి, తినడానికి కూడా సరిపడేంత ఇచ్చేవారు.

మరుసటి ఏడాది ఇలినాయ్ రాష్ట్రంలోని షాంపేన్ నుంచి జేమ్స్ టోబిన్ అనే కుర్రాడు ఇదే స్కాలర్‌షిప్ మీద వచ్చాడు. 1981లో అతనికి ఆర్థిక శాస్త్రంలో నోబెల్ వచ్చింది.

మరి ఆ పిల్లల్ని ఎలా ఎంచుకున్నారు? శాట్ పరీక్ష ఇక్కడే మొదలైందా?

అమెరికా కాలేజీల్లో చేరడానికి రాసే శాట్ అంతకుముందే ఉంది. ప్రిన్స్‌టన్‌కు చెందిన కార్ల్ బ్రిగమ్ దాన్ని 1926లో తయారు చేశారు. దాని మూలం మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికులకు పెట్టిన తెలివితేటల పరీక్ష. వేర్వేరు బడుల్లో మార్కులు వేసే తీరు వేర్వేరుగా ఉంటుంది కదా, అందరినీ ఒకే త్రాసులో తూచడమెలా అన్నది కోనంట్ సమస్య. మన దగ్గర స్టేట్ సిలబస్, సీబీఎస్‌ఈ, ఐసీఎస్‌ఈ మార్కులు పోల్చలేక ఎంట్రన్స్ పెట్టినట్టే ఇదీ. ఆ పని హెన్రీ చాన్సీ అనే అసిస్టెంట్ డీన్‌కు అప్పగించారు. చాన్సీ శాట్‌ను పట్టుకొచ్చారు.

పాఠ్యపుస్తకాల మీద పెట్టే పరీక్ష మంచి బడికి వెళ్లగలిగినవాడికే లాభం, సహజమైన తెలివిని కొలిచే పరీక్ష పేదవాడికి న్యాయం చేస్తుంది: ఇదీ కోనంట్ నమ్మకం. మామగారు పరమాణు భారం కొలిచినట్టు తెలివిని కూడా కొలవవచ్చని ఆయన అనుకున్నారు.

పరీక్షలన్నీ ఒకే సంస్థ కిందికి తేవాలన్న ఆలోచనను శాట్ తయారు చేసిన బ్రిగమే వ్యతిరేకించారు. పరీక్షలు పెట్టి బతికే సంస్థ ఆ పరీక్షల లోపాలను తానే ఎలా వెతుకుతుందన్నది ఆయన భయం. ఆయన 1943లో చనిపోయారు. నాలుగేళ్లకు ఈటీఎస్ ఏర్పడింది. చాన్సీ దాని మొదటి ప్రెసిడెంట్. అంతకుముందు కార్నెగీ ఫౌండేషన్ నడిపిన జీఆర్ఈ కూడా ఈటీఎస్ చేతికే వచ్చింది.

అయితే కోనంట్ నమ్మకం సరైనదేనా?

సగం. గేటు తెరుచుకుంది, అది నిజం. హైదరాబాద్‌లోనో గుంటూరులోనో చదివిన పిల్లకు అమెరికా విశ్వవిద్యాలయం తలుపు తట్టే అవకాశం ఆ స్కోరు కాగితం వల్లే వచ్చింది. కానీ తెలివి పరమాణు భారం లాంటిది కాదు. కోచింగ్‌తో, ఇంట్లో పుస్తకాలతో, ఇంగ్లిష్ మాట్లాడే చుట్టాలతో స్కోరు మారుతుంది. అమీర్‌పేట వీధుల్లో నడిస్తే చాలు, ఆ సంగతి తెలుస్తుంది. కోచింగ్ ఫీజు కట్టలేని పిల్లవాడికి ఆ త్రాసు మళ్లీ ఒక పక్కకే మొగ్గుతుంది. కోనంట్ సాయం చేయాలనుకున్నది ఆ పిల్లవాడికే. నన్ను బాధపెట్టేది అదే.

"పైకి వెళ్లు, లేదా బయటికి వెళ్లు" అనే నియమం ఆయనదేనా?

అవును. చిన్న స్థాయి అధ్యాపకుణ్ని కొన్నేళ్లు చూసి, శాశ్వత పదవి ఇవ్వాలి లేదా పంపించాలి, మధ్యలో వేలాడదీయకూడదు అన్నారు. ఇప్పుడు అమెరికా అంతటా టెన్యూర్ ఇలాగే నడుస్తుంది. హార్వర్డ్‌లో దీనితో పెద్ద గొడవ జరిగింది. 1937లో ఆర్థిక శాస్త్రంలో వాల్ష్, స్వీజీ అనే ఇద్దరు యువ అధ్యాపకులకు ఈ నియామకమే ఆఖరిదని చెప్పారు. ఇద్దరూ వామపక్ష భావాలున్నవాళ్లు కావడంతో రాజకీయ కక్ష అని అనుమానం వచ్చింది. తర్వాత మరికొందరిని పంపేయడంతో అధ్యాపకులంతా తిరగబడ్డారు. 1939లో కోనంట్ వాళ్ల ముందు నిలబడి పొరపాట్లు జరిగాయని ఒప్పుకోవాల్సి వచ్చింది.

ఆ రోజుల్లో హార్వర్డ్ మెడికల్ స్కూల్‌లో మనవాడు ఒకరున్నారు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు 1923లో బోస్టన్ చేరారు. సైరస్ ఫిస్క్‌తో కలిసి రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి కనిపెట్టారు. కండరాల్లో శక్తికి ఆధారమైన ఫాస్ఫోక్రియాటిన్‌నూ ఏటీపీనీ వెలికితీశారు. 1930లో పీహెచ్‌డీ తీసుకున్నారు. అయినా అక్కడ శాశ్వత పదవి దక్కలేదు. 1940లో లెడర్లీ మందుల కంపెనీకి వెళ్లిపోయారు. ఫోలిక్ ఆసిడ్, మెథోట్రెక్సేట్, ఆరియోమైసిన్ పనులన్నీ అక్కడే జరిగాయి. ప్రతిభను వెతికి పట్టుకోవడమే తన పని అనుకున్న ప్రెసిడెంట్ ఉన్న కాలంలో, అదే విశ్వవిద్యాలయం అంతటి ప్రతిభను నిలబెట్టుకోలేకపోయింది. చెప్పేటప్పుడు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

హిట్లర్ కాలంలో యూదు శాస్త్రవేత్తలకు సాయం చేశారా?

చేయాల్సినంత చేయలేదు. 1933 తర్వాత జర్మనీ నుంచి తరిమేసిన పండితులను తీసుకోవడానికి హార్వర్డ్ ముందుకు రాలేదు. జర్మన్ రసాయన శాస్త్రవేత్త మాక్స్ బెర్గ్‌మన్ గురించి ఒక కంపెనీ సలహా అడిగితే, ఆయన యూదుడిలా కనిపిస్తారన్న మాట జవాబులో రాశారు. ప్రతిభే కొలమానం అన్న మనిషి రాయాల్సిన మాట కాదది. 1936లో హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయం నాజీల చేతుల్లో ఉత్సవాలు చేసుకుంటే హార్వర్డ్ ప్రతినిధిని పంపారు.

ఇంకో పక్క, హిట్లర్ అనుచరుడైన హాన్‌ఫ్‌స్టెంగ్ల్ అనే పూర్వ విద్యార్థి 1934లో హార్వర్డ్‌కు స్కాలర్‌షిప్ నిధి ఇస్తానంటే వద్దన్నారు. 1940 వచ్చేసరికి, దేశంలో చాలామంది యుద్ధం మనకొద్దు అంటున్నప్పుడు, బ్రిటన్‌కు సాయం చేయాలని రేడియోలో గట్టిగా మాట్లాడారు. 1941 మొదట్లో బాంబులు పడుతున్న లండన్‌కు స్వయంగా వెళ్లారు.

అణుబాంబులో ఆయన పాత్ర ఏమిటి?

చాలా పెద్దది. 1941 నుంచి జాతీయ రక్షణ పరిశోధన కమిటీకి చైర్మన్. వానెవర్ బుష్ తర్వాత యుద్ధ పరిశోధన నడిపిన రెండో మనిషి ఆయనే. 1942 డిసెంబరు 2న షికాగోలో ఇటలీ శాస్త్రవేత్త ఫెర్మీ బృందం మొదటిసారి అణు గొలుసు చర్యను సాధించగానే అక్కడి ప్రాజెక్టు అధిపతి ఆర్థర్ కాంప్టన్ ఆయనకే ఫోన్ చేశారు. రహస్యం కాబట్టి "ఇటలీ నావికుడు కొత్త ప్రపంచంలో దిగాడు" అన్నారు. "అక్కడివాళ్లు స్నేహంగా ఉన్నారా?" అని కోనంట్ అడిగారు. అందరూ క్షేమంగా, సంతోషంగా దిగారని జవాబు వచ్చింది.

1945 మే 31న జరిగిన సమావేశంలో బాంబు ఎక్కడ వేయాలన్న చర్చ వచ్చింది. చాలామంది కార్మికులు పనిచేసే, చుట్టూ కార్మికుల ఇళ్లున్న ముఖ్యమైన యుద్ధ కర్మాగారం తగిన లక్ష్యమని సూచించింది కోనంటే. ఇది ఆ సమావేశం మినిట్స్‌లో ఉంది. దీన్ని మెత్తగా చెప్పే దారి నాకు కనిపించలేదు. జూలై 16న న్యూమెక్సికో ఎడారిలో మొదటి బాంబు పేలినప్పుడు ఆయన నేల మీద పడుకుని చూశారు. తెల్లటి వెలుగు ఆకాశమంతా ఎంతసేపటికీ ఆరకపోతే, లెక్క తప్పి ప్రపంచమంతా అంటుకుందేమోనని ఒక్క క్షణం అనుకున్నారు.

1949లో హైడ్రోజన్ బాంబు ప్రతిపాదన వచ్చినప్పుడు మాత్రం ప్రభుత్వ సలహా కమిటీలో గట్టిగా వద్దన్నవాళ్లలో ఆయన ముందున్నారు. అధ్యక్షుడు ట్రూమన్ వినలేదు. 1954లో, అణుబాంబు తయారు చేసిన ల్యాబ్‌ను నడిపిన ఓపెన్‌హైమర్ దేశభక్తిని శంకించి విచారణ పెడితే, ఆయన పక్షాన సాక్ష్యం చెప్పడానికి వచ్చారు. ప్రభుత్వ ఉద్యోగంలో ఉంటూ ఆ పని చేయడానికి ధైర్యం కావాలి.

ఆయన కాలంలో అమ్మాయిలకు హార్వర్డ్ తలుపులు తెరుచుకున్నాయా?

కొంచెం కొంచెంగా, అదీ ఎక్కువగా యుద్ధం వల్ల. 1943లో, అబ్బాయిలు సైన్యానికి వెళ్లి తరగతులు ఖాళీ అయ్యాక, పక్కనే ఉన్న రాడ్‌క్లిఫ్ మహిళా కళాశాల విద్యార్థినులను హార్వర్డ్ తరగతుల్లో కూర్చోనిచ్చారు. మెడికల్ స్కూల్ 1945లో, లా స్కూల్ 1950లో అమ్మాయిలను చేర్చుకున్నాయి. అయితే 1949లో కట్టిన లామాంట్ లైబ్రరీలోకి అమ్మాయిలను రానివ్వలేదు.

సైన్స్ చదవని విద్యార్థుల కోసం ఏదో కోర్సు పెట్టారట?

ఇది నాకు చాలా ఇష్టమైన విషయం. అణుయుగంలో ఓటు వేసే ప్రతి మనిషికీ సైన్స్ ఎలా నడుస్తుందో తెలియాలని ఆయన అనుకున్నారు. సూత్రాలు బట్టీ పట్టించకుండా, బాయిల్ గాలి మీద చేసిన ప్రయోగాలు, లావోయిజర్ దహనాన్ని అర్థం చేసుకున్న తీరు లాంటి పాత సంఘటనలను తీసుకుని, శాస్త్రవేత్తలు ఎక్కడ తడబడ్డారో, ఎలా మనసు మార్చుకున్నారో చెప్పించారు. ఈ కోర్సులో సహాయం చేయడానికి థామస్ కూన్ అనే ఫిజిక్స్ పరిశోధక విద్యార్థిని పిలిచారు. పాత అరిస్టాటిల్‌ను చదవాల్సి రావడంతో కూన్ ఆలోచనే మారిపోయింది. సైన్స్ విప్లవాల మీద తర్వాత రాసిన పుస్తకాన్ని కూన్ కోనంట్‌కే అంకితమిచ్చారు.

హార్వర్డ్ తర్వాత?

1953లో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ ఆయన్ను పశ్చిమ జర్మనీకి హై కమిషనర్‌గా పంపారు. 1955లో ఆ దేశానికి సార్వభౌమాధికారం వచ్చాక రాయబారి అయ్యారు, 1957 వరకు ఉన్నారు. తిరిగొచ్చాక అమెరికా హైస్కూళ్లను చూస్తూ తిరిగి 1959లో నివేదిక రాశారు. చిన్న బడుల్లో సైన్స్, భాషలు సరిగా చెప్పలేరు కాబట్టి వాటిని కలిపేయాలన్నారు. 1961లో నగర మురికివాడల నల్లజాతి పిల్లల బడులకూ సంపన్న శివార్ల బడులకూ ఉన్న తేడా గురించి రాసి, ఉద్యోగాలు లేని యువత ప్రమాదమని హెచ్చరించారు. 1978 ఫిబ్రవరి 11న న్యూహాంప్‌షైర్‌లోని హానోవర్‌లో చనిపోయారు.

ఆయన ఎప్పుడైనా తన అంచనా తప్పని ఒప్పుకున్నారా?

ఒప్పుకున్నారు. రెండో ప్రపంచ యుద్ధం చివర, తిరిగొచ్చే సైనికులకు ప్రభుత్వమే కాలేజీ ఫీజు కడుతుందని 1944లో చట్టం వచ్చింది. కోనంట్‌కు అది నచ్చలేదు. తెలివైనవాళ్లను ఏరకుండా అందరికీ ఇస్తే చదువుల స్థాయి పడిపోతుందని భయపడ్డారు. యుద్ధం ముగిసింది. సైనికులు భార్యాపిల్లలతో సహా హార్వర్డ్ ఉన్న కేంబ్రిడ్జ్ ఊరికి వచ్చి, ఇరుకు ఇళ్లలో ఉంటూ చదివారు. ఇంత పరిణతి, ఇంత ఆశ కలిగించే విద్యార్థులు హార్వర్డ్‌కు ఎప్పుడూ రాలేదని ఆ తర్వాత చెప్పింది కోనంటే.